ఒక్క పూట మనకూ పడగ పట్టేవాళ్లు ఉండాలి

అక్కలూ, చెల్లెళ్లూ! గోదావరిఖనిలో కాపురమంటే ఇంట్లో గడియారం మనది కాదు, షిఫ్టులది. మొదటి షిఫ్టుకు పోయే మనిషికి తెల్లారకముందే టిఫిన్ కట్టాలి. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకుంటే పిల్లల నోరు మూయించాలి. అటు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే ఇటు అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. ఇన్నింటి నడుమ మన మనసుకు నిమ్మళం ఎక్కడ?

అందుకేనేమో, జపాన్ బౌద్ధాలయాల వీడియోలు కనబడితే చెయ్యి ఆగిపోతుంది. క్యోటోలో ర్యోఆన్‌జి అనే గుడి ఉంది. తెల్ల కంకర పరిచిన తోటలో 15 రాళ్లు. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక రాయి కనబడకుండా పోతుంది. పోగలిగినవాళ్లు తప్పక పోయి రండి. పోలేనివాళ్లు మాత్రం దిగులు పడొద్దు. బౌద్ధం జపాన్ చేరింది 6వ శతాబ్దంలో. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే అది మన పెద్దపల్లి జిల్లాకు వచ్చింది.

ఎలిగేడు మండలంలోని ధూళికట్ట సంగతే చెబుతున్నా. 1970లలో పురావస్తు శాఖ వాళ్లు వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వితే శాతవాహనుల నాటి మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. చుట్టూ పొలాలు, గుండ్రటి కట్టడం, దానికి తాపడం చేసిన సున్నపురాయి పలకలు. అంతే.

గుడికి పోతే మన కోరికల చిట్టా పెద్దది. బాయిలోకి దిగిన మనిషి క్షేమంగా పైకి రావాలి, బిడ్డకు మంచి సంబంధం కుదరాలి, కొడుక్కు ఉద్యోగం రావాలి. స్తూపం దగ్గర వరాలిచ్చే దేవుడి విగ్రహం లేదు. కొబ్బరికాయ లేదు, లైను లేదు. కుడిచేతి వైపు స్తూపాన్ని ఉంచుకుని మెల్లగా ఒక చుట్టు తిరిగి, చెట్టునీడన కూర్చోవడమే. ఎవరికోసమూ ఏమీ అడగకుండా అట్లా కూర్చుని ఎన్నాళ్లయిందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

ధూళికట్టలో దొరికిన శిల్పాల్లో ముచిలింద నాగరాజు ఉన్నాడు. బుద్ధుడు ధ్యానంలో ఉండగా ఏడు రోజులు ముసురు పట్టి వాన కురిస్తే, ఈ నాగరాజు తన పడగలు విప్పి ఆయన తల తడవకుండా కాచాడట. నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే మనకు ఆ పడగ కొత్తేమీ కాదు. ఆ కథ నాకెందుకు ఇంత ఇష్టమంటే, అంతటి బుద్ధుడికి కూడా ఆ ఏడు రోజులు ఇంకొకరు కాపు కాశారు. ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా మనం పడగ పడుతున్నాం. మనకూ ఒక్క పూట ఎవరైనా పట్టాలి కదా?

నా మాట విని, ఒక సెలవు రోజు చూసుకోండి. "ఈ పూట వంట, పిల్లలు మీ పని" అని ఇంట్లో చెప్పండి. అడిగితే కాదనే మనుషులు కారు, మనమే అడగం. వాడకట్టులో ఇద్దరు ముగ్గురు కలిసి పొద్దున్నే బయల్దేరండి. పలకల మీద కూర్చోకండి, ప్లాస్టిక్ పారేయకండి. ఫోను సంచిలో పెట్టేయండి. ఇంటినుంచి ఎవరైనా చేసినా ఆ కాసేపు ఎత్తకపోతే కొంపలేమీ మునగవమ్మా!