కంచెకు ఇటు కరువు సొమ్ము, అటు లేదు

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను. పక్కపక్కనే పశువులు మేపుకునే ఇద్దరు రాంచర్లలో ఒకరికే ప్రభుత్వం కరువు సొమ్ము ఇచ్చింది. ఇదేం న్యాయమండీ?

జవాబు: వాళ్ల మధ్య కంచె బహుశా కౌంటీ సరిహద్దు అయి ఉంటుంది. మేత బీళ్లు ఎండినప్పుడు అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే ఈ సాయానికి కొలమానం కౌంటీ. ప్రతి గురువారం కరువు పటం వెలువడుతుంది. మేత కాలంలో కౌంటీలో ఏ మూలైనా అందులో డి3, అంటే అతి తీవ్ర కరువు రంగు పడితే చాలు, ఆ కౌంటీలో బీళ్లున్న అర్హులకు మూడు నెలల సాయం వస్తుంది. ఆ మూలన ఎండినా, ఈ మూలన వాన పడినా అంతే. గీత దాటితే మాత్రం లేదు.

నెలకు మేత ఖర్చులో 60 శాతం ఇస్తారు. ఆ ఖర్చును పశువుల సంఖ్యను బట్టి, బీడు ఎన్నింటిని మేపగలదన్నదాన్ని బట్టి రెండు విధాలా కట్టి, తక్కువది తీసుకుంటారు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కరువు వల్ల అంతకుముందు రెండేళ్లలోనే మందను అమ్ముకున్నవారికి ఆ పశువులపై ఇందులో 80 శాతమే ఇస్తారు. అమ్మకం డబ్బు చేతికొచ్చిన మాట నిజమే. కానీ గడ్డి వేళ్లు బతికేది వాళ్ల వల్లే కదా!

రెండో ఆయనకు మొదటి కౌంటీలో కౌలు బీడేమైనా ఉందేమో కనుక్కోండి. నగదు కౌలైతే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పశువు బరువు పెరిగినదాన్ని బట్టి చెల్లించే కౌలైతే కుదరదు.