వేసవిలో గేదెల పాక - పైకప్పు సంగతి

ఏప్రిల్, మే నెలల్లో సంఘాల రిజిస్టర్లు తిరగవేస్తే పాలు పడిపోవడం కనిపిస్తుంది. కారణమడిగితే పచ్చిమేత లేదని, దాణా బాగాలేదని సభ్యులు చెబుతారు. అది కొంతవరకు నిజమే. అయితే తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాకల్లోకి కూడా తొంగి చూస్తుంటాము. మధ్యాహ్నం రెండు గంటలకు మనిషి పది నిమిషాలు నిలబడలేని రేకుల కింద గేదెను రోజంతా కట్టివేస్తున్నారు.

గేదె నల్లని చర్మం ఎండ వేడిని బాగా పీల్చుకుంటుంది. ఆవుకంటె దానికి చెమట గ్రంథులు తక్కువ. ఒంటి వేడి బయటకు పోక రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది. దానితో పాలూ తగ్గుతాయి. ఎదకు వచ్చినా ఆ లక్షణాలు సరిగా బయటపడవు. ఆ నష్టం మరుసటి ఏడు తెలుస్తుంది.

మన ప్రాంతంలో వేసవి సూర్యుడు నడినెత్తికి వస్తాడు కనుక పాకలోకి వేడి ముఖ్యంగా పైకప్పు నుంచే దిగుతుంది. తాటాకు, రెల్లుగడ్డి కప్పులో ఆకుల మధ్య నిలిచిన గాలి ఆ వేడిని ఆపుతుంది. రేకు అట్లా కాదు, తాను కాలి కింద ఉన్న పశువు వీపును కాలుస్తుంది. అయినా పూరికప్పు తీసి అప్పు చేసి రేకులు వేయించినవారిని మేము తప్పు పట్టము. కప్పు మార్చాలంటే గడ్డీ దొరకదు, పనివాడూ దొరకడు. నిప్పు భయం సరేసరి. అట్టివారు రేకుకు అడుగు కిందుగా వెదురు తడికెలు కట్టి, మధ్యనున్న వేడిగాలి రెండు చివరల నుంచి పోయేటట్లు వదలాలి. సిమెంటు రేకులైతే పైన చిక్కని సున్నం రెండు పూతలు వేయాలి. వానకు కడుక్కుపోతుంది కనుక ఏటా మార్చిలో మళ్ళీ వేయక తప్పదు.

కొత్తగా కట్టేవారు పాక పొడవు తూర్పు పడమరలుగా ఉంచాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పొట్టి వైపులనే తగులుతుంది. గేదెకు సుమారు 40 చదరపు అడుగుల చోటు, రేకులైతే చూరు దగ్గరే పదడుగుల ఎత్తు ఉండాలి. పడమటి వైపు అవిశె నాటితే త్వరగా ఎదిగి నీడనిస్తుంది, ఆకు మేతకూ వస్తుంది.

తడిపిన గోనెపట్టాలు కట్టడం అన్నిచోట్లా ఒకే విధంగా పనిచేయదు. రాయలసీమ, తెలంగాణ పొడి వడగాలికి అవి మంచివి. కోస్తా ఉక్కపోతలో ఉన్న గాలినీ అడ్డుకుంటాయి. అక్కడ పక్కలు తెరిచి ఉంచి, గేదె ఒంటిమీదే నీళ్ళు చల్లడం మేలు. పట్టాలు కట్టినవారు పొద్దుగూకగానే వాటిని పైకి చుట్టాలి, లేకుంటే రాత్రి చల్లగాలి లోపలికి రాదు.