నవ్వినానంతే అన్నావు

చిరంజీవి మేనల్లునికి,

  

నీ జాబు చదివినా. క్రికెట్ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర నిలబడిన వెస్టిండీస్ ఆటగాణ్ణి మీ గుంపువాళ్లు ఒంటిరంగు పట్టుకొని ఎగతాళిగా అరిచినారని, చుట్టూ అందరూ విరగబడి నవ్వినారని రాసినావు. చివర్న "నేనేమీ అనలేదు మామా, నవ్వినానంతే" అన్నావు. ఆ ఒక్క ముక్కే నాకు నిద్ర పట్టనీయలేదు.

నువ్వు ఆరెంజ్ జెర్సీ తొడుక్కొని తిరిగే జట్టు సంగతే చూడు. వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ 2013, 2014లో ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడినాడు. తననూ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరానూ అక్కడ 'కాలూ' అని పిలిచేవాళ్లట. అన్నప్పుడల్లా పక్కనోళ్లు నవ్వేవాళ్లు. తోటివాళ్లు నవ్వుతున్నారు కదా, ఏదో సరదా మాటే అనుకున్నాడు ఆ మనిషి. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద లోకమంతా మాట్లాడుతున్నప్పుడు, దాని అర్థం 'నల్లోడు' అని తెలిసింది. అలా పిలిచినవాళ్లు తనతో మాట్లాడాలని బహిరంగంగానే అడిగినాడు. ఒకరు మాట్లాడితే, ప్రేమతోనే అన్నాడులే అని సర్దుకున్నాడు. అది ఆయన పెద్దమనసు. కానీ వెస్టిండీస్‌కు కెప్టెన్‌గా రెండు టీ20 ప్రపంచ కప్పులు అందించిన మనిషిని అన్నేళ్లు నమ్మించింది ఆ పక్కనోళ్ల నవ్వే కదా!

 

మనోణ్ణి అంటే మాత్రం మనకు కాలుతుంది. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు, మన జట్టు బౌలర్ సిరాజ్, 2020 నవంబరులో తండ్రి పోయినా ఆస్ట్రేలియాలోనే ఉండి ఆడినాడు. 2021 జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులు జాతి పేరుతో తిడితే నేరుగా కెప్టెన్ రహానేకు చెప్పినాడు. ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపినారు. తీరా విచారణలో తిట్టిన మాట నిజమేననీ, తిట్టింది ఆ ఆరుగురు కాదనీ తేలింది. అసలువాళ్లు దొరకనే లేదు. అల్లుడా, పక్క సీట్లో కూర్చున్నవానికి తెలీదా ఎవరన్నారో? ఒక్కడు లేచి చెప్పింటే చాలు కదా?

మనవాళ్లూ తక్కువేమీ కాదు. 2007లో వడోదరలో, ముంబైలో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి చేష్టలు చేసినారు. 2021 ఒలింపిక్స్ హాకీలో మన అమ్మాయిలు సెమీస్ ఓడితే, జట్టులోని వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టినారు. రంగైనా కులమైనా తిట్టే నోరు ఒకటే.

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో వాళ్లకూ మాకూ మ్యాచ్ జరిగింది. మన ఆదోని నుండి బస్సు టాపు మీద కూర్చొని పోయినాం. దిగీదిగగానే ఉగ్గాని బజ్జీ తిన్నాం. ఆ మిరపకాయ బజ్జీ కారం ఇప్పటికీ నాలుక మీదుంది. వాళ్ల బౌలరు మగ్గం నేసే ఇంటి పిల్లోడు, నల్లగా, సన్నగా ఉండేవాడు. మా వైపు నుండి ఎవరో రంగునూ కులాన్నీ కలిపి ఒక మాటన్నారు. అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టరు వికెట్లు పీకి చంకన పెట్టుకొని, "అన్నోడు లేచేదాకా ఆట లేదు" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు మాతో వచ్చిన పత్తి మార్కెట్టు హమాలీ ఒకాయన లేచి, "మా అన్న కొడుకే సార్ అన్నది" అని, ఆ పిల్లోని చెయ్యి పట్టుకొని మైదానంలోకి తీసుకుపోయినాడు. వాడు తప్పు ఒప్పుకున్నాడు, బౌలరు బంతి చేతిలోకి తీసుకున్నాడు. ఎవరు గెలిచినారో గుర్తులేదు. సొంతవాణ్ణి అంతమందిలో పట్టిచ్చినా, భుజం మీద చెయ్యి తియ్యని ఆ హమాలీ మాత్రం గుర్తున్నాడు.

అందుకే నేను అరిచినోళ్ల కంటే పక్కనోళ్ల గురించే ఎక్కువ చెబుతా. పత్తి బేళ్ల మధ్య బీడీ ముట్టించేవాణ్ణి చూసి నవ్వుకుంటూ పోతామా? సినిమా హాల్లో, పెళ్లి పందిట్లో, బస్సులో, ఎక్కడైనా అంతే. పక్కనోడు నవ్వకపోతే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి.

నువ్వు చెడ్డవాడివి కావు. నాకు తెలుసు, నా చేతుల్లో పెరిగినోడివి. విజిల్ వెయ్యి, గొంతు పోయేలా అరువు, అవుటైనోణ్ణి ఆటలో ఎగతాళి చెయ్యి. పుట్టుక జోలికి మాత్రం పోవద్దు. ఎవరన్నా పోతే మొదట నవ్వు ఆపు. తర్వాత "వద్దురా" అను. వినకపోతే అక్కడున్న సిబ్బందికి చెప్పు. స్నేహం పోతుందని భయపడొద్దు. ఆ మాత్రానికి పోయే స్నేహమైతే పోనీ.

ఈ ఆదివారమే నీ గుంపును కూర్చోబెట్టి మాట్లాడు. ఎవరేమన్నారో నాకు రాయి. ఎమ్మిగనూరు దుప్పటి ఒకటి పంపిస్తున్నా, చలికి కప్పుకో.

ఇట్లు,
మీ మామ