కంప్యూటర్ల నెట్‌వర్కు: దానిని నడుపు సాఫ్టువేరు

ధ్రువపత్రము కొరకు మీ సేవ కేంద్రమునకో, గ్రామ సచివాలయమునకో పోయిన రైతుకు తరచుగా వినవచ్చు మాట యొకటి గలదు: “సర్వరు పనిచేయుట లేదు, రేపు రండి.” సర్వరనగా నేమో తెలియక, పని మానుకొని వచ్చిన దినము వృథాయైనదని చింతించుచు అతడింటికి మరలుచున్నాడు. కేంద్రములోని యంత్రము వెలుగుచునే యున్నది, కరెంటు కూడ నున్నది. మరి ఆగిపోయినదేమి? ఇది తెలియవలెనన్న, కంప్యూటర్లను కలుపు నెట్‌వర్కును గూర్చియు, దానిని నడుపు సాఫ్టువేరును గూర్చియు కొంత తెలిసికొనుట అవసరము.

సమాచారమును ఇచ్చిపుచ్చుకొనుటకై పరస్పరము కలుపబడిన కంప్యూటర్ల సముదాయమే నెట్‌వర్కు. వాటిని కలుపు మార్గము రాగితీగ కావచ్చును, రేడియో తరంగము కావచ్చును, వెలుగును మోయు సన్నని గాజుపోగు కావచ్చును. ఈ గాజుపోగులను గ్రామ పంచాయతీలకు చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే నేటి భారత్‌నెట్. అయితే బాట యున్నంత మాత్రమున బండి నడువదు గదా! యంత్రము ఎప్పుడేమి చేయవలెనో ముందుగా వ్రాసియుంచిన ఆజ్ఞల వరుసకే సాఫ్టువేరని పేరు.

ఒక తండ్రి పట్టణమున చదువుకొను కుమారునకు పెద్ద జాబును ఇరువది పోస్టుకార్డులపై వ్రాసి పంపెననుకొందము. ప్రతి కార్డుపై చిరునామా వ్రాసి, వరుస సంఖ్య వేసి, నకలు తనయొద్ద నుంచుకొనెను. కార్డులు వేర్వేరు రైళ్లలో పోయి, వెనుకముందుగా చేరినవి. కుమారుడు వాటిని సంఖ్యలనుబట్టి వరుసకు తెచ్చి, అందినవాటిని గూర్చి తండ్రికి తెలిపెను. ఏడవ కార్డు అందినట్లు కబురు రాకపోగా, తండ్రి దాని నకలును మరల పంపెను. నెట్‌వర్కులో జరుగునది అక్షరాల ఇదియే. ఆ కార్డుల వంటి సమాచారపు తునకలను ప్యాకెట్లందురు. చిరునామానుబట్టి ప్యాకెట్టును గమ్యమువైపు నడుపు నియమావళి ఐ.పి.; సంఖ్యలు వేయుట, రసీదు చూచుకొనుట, పోయినదానిని తిరిగి పంపుట టి.సి.పి. పని. వీటికి మూలమైన పద్ధతిని అమెరికా దేశీయులగు వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1న ఆ దేశపు అర్పానెట్ ఈ నియమములకు మారినది.

అర్పానెట్‌పై తొలి సందేశము 1969 అక్టోబరు 29న లాస్ ఏంజలీస్‌లోని విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు పోయినది. “లాగిన్” అను మాటను పంపబూనగా, ఎల్, ఓ అను రెండక్షరములు చేరగనే వ్యవస్థ ఆగిపోయినది. నేడు మనము వినుచున్న “సర్వరు పనిచేయుట లేదు” అను మాటకు వంశమూలము అచ్చటనే యున్నదనవచ్చును!

కంప్యూటర్లకు అంకెల చిరునామాలుండును. మనుష్యులకు పేర్లు సులభముగాన, పేరునుబట్టి అంకెలను వెదకి తెలుపు డి.ఎన్.ఎస్. అను ఏర్పాటును 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించెను. ఇక అడిగిన సమాచారమును అందించు కంప్యూటరే సర్వరు. కావున దారి తెగినను, పేరు దొరకకున్నను, ఒక్కసారిగా వేలమంది అడిగి సర్వరు తట్టుకొనలేకున్నను, కేంద్రములో చెప్పు మాట ఒక్కటియే. తక్కిన వెబ్‌సైట్లు తెరచుకొనుచున్నవా యని అడుగుడు. ఏదియు తెరచుకొననిచో లోపము బహుశా ఇచ్చటి దారిలోనే యుండును. అవి తెరచుకొనుచున్నచో దూరమున నున్న సర్వరునందే యుండవచ్చును. దరఖాస్తు అప్పటికే నమోదైయున్నచో దాని సంఖ్యను, రుసుము చెల్లించియున్నచో రసీదును తీసికొనక కేంద్రము విడువరాదు.

మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. 2016లో ప్రారంభమైన యు.పి.ఐ. వలన నెట్‌వర్కు కిరాణా కొట్టు వరకును చేరినది. ఇందు ఎరువుల దుకాణమువారికి మీరు పంపు సొమ్ము కదలుటకు ముందు, మీ బ్యాంకు, నడుమనున్న జాతీయ చెల్లింపుల సంస్థ, దుకాణదారుని బ్యాంకు—ఈ మూడింటి కంప్యూటర్లును మాటలాడుకొనవలెను. నడుమ ఒక జవాబు రానిచో, మీ ఖాతాలో సొమ్ము తగ్గియు అతని ఖాతాకు చేరకపోవచ్చును. అట్టి సమయమున తొందరపడి రెండవసారి పంపరాదు; మొదటిదియు ఆలస్యముగా చేరవచ్చును. రిజర్వు బ్యాంకు 2019లో చేసిన నియమము ప్రకారము, వ్యక్తికి పంపిన సొమ్ము చేరనిచో మరుసటి దినములోగాను, వ్యాపారికి చెల్లించినదైనచో ఐదు దినములలోగాను తిరిగి జమ కావలెను. గడువు దాటిన ప్రతి దినమునకు 100 రూపాయలు పరిహారముగా రావలెను. ఈ హక్కు నెరిగినవారు తక్కువ.

సమాచారము దారిలో ఇతరులకు తెలియకుండ దానిని రహస్యలిపిగా మార్చు సాఫ్టువేరును గలదు. బ్రౌజరులో కనబడు తాళపు గుర్తు దానికి చిహ్నము. కాని తాళము జాబును మాత్రమే కాపాడును. జాబు నందుకొనువాడు మోసగాడైనచో అది చేయగలిగినదేమియు లేదు. సొమ్ము పంపుటకే పిన్ కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. కావున “మీకు సొమ్ము వచ్చుటకు పిన్ నొక్కుడు” అని ఎవరైన చెప్పినచో అది మోసమని తెలియవలెను. మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము మరియొక ఖాతాకు మారకముందే తెలిపినచో దానిని నిలుపుదల చేయించుటకు అవకాశ మెక్కువ.