ఆపద కాలంలో పాలకుల ఆజ్ఞ – విధేయతకు హద్దులు

అంటువ్యాధి ప్రబలినప్పుడు మస్జిదులు మూసివేయమని, ఇల్లు కదలవద్దని ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే ముస్లిం ఏం చెయ్యాలి? 2020లో కరోనా సమయాన తలెత్తిన ఈ ప్రశ్నపై చర్చ నేటికీ ఆగలేదు. ఆ ఆజ్ఞను పాటించడం దైవంపై నమ్మకం లేకపోవడమేనని కొందరన్నారు. పాలకులు ఏం చెప్పినా నోరెత్తరాదని మరికొందరన్నారు. ఈ రెండు మాటలూ సరైనవి కావు.

1. జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధం కాదు

ప్లేగు సోకిన ఊరికి వెళ్ళవద్దనీ, తామున్న ఊళ్ళో ప్లేగు వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి), అక్కడ వ్యాధి ప్రబలిందని విని, సహాబాలను సంప్రదించి సర్గ్ నుండే వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధి నుండి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపుకే వెళ్తున్నామని ఖలీఫా బదులిచ్చారు. ఆయన ముందు సంప్రదించారు, ఆ తర్వాత ప్రశ్నను విన్నారు, దానికి జవాబిచ్చారు. ప్రశ్నించిన వారిని శిక్షించలేదు.

2. అత్యవసరం ఉన్నంత వరకే అధికారం

పాలకుని నిర్ణయం ప్రజల మేలుకు కట్టుబడి ఉండాలనీ, అవసరం కల్పించిన సడలింపు ఆ అవసరం మేరకేననీ, కారణం తొలగితే అదీ తొలగుతుందనీ ఫిఖహ్ సూత్రాలు చెబుతున్నాయి. బొంబాయి ప్లేగు కాలంలో ఆంగ్లేయులు చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ ప్రయోగించారు. దాని కింద సదుద్దేశంతో పనిచేసిన వారిపై దావా వేయరాదు. ఇహలోకంలో దావా లేకపోయినా, ప్రతి కాపరినీ అతని మంద గురించి అల్లాహ్ ప్రశ్నిస్తాడు.

3. కదలవద్దన్నవారే కడుపు నింపాలి

హత్నూర, పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారాల్లో పరరాష్ట్రాల కార్మికులు ఎందరో ఉన్నారు. లాక్‌డౌన్‌లో వలస కార్మికునికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అయినా 2020 ఏప్రిల్ 29న మన జిల్లాలోనే, కందిలోని ఐఐటీ నిర్మాణ స్థలంలో కార్మికులు కూలి డబ్బు, స్వస్థలానికి ప్రయాణం కోరుతూ ఆందోళనకు దిగారు. రాళ్ళు కూడా రువ్వారు. రాళ్ళు రువ్వడం తప్పే. కానీ వారు అడిగింది హక్కునే. మే 1న లింగంపల్లి నుండి హటియాకు సుమారు 1,200 మందితో రైలు బయలుదేరింది. కరువు కాలంలో ప్రజలకు దొరకని నెయ్యిని తానూ ముట్టని హజ్రత్ ఉమర్ (రజి) ఆదర్శం ఇక్కడ గుర్తుకు రావాలి.

కనుక ప్రాణాలను కాపాడే ఆజ్ఞను పాటిద్దాం. అన్యాయం జరిగితే శాంతియుతంగా, చట్టబద్ధంగా ప్రశ్నిద్దాం. పొరుగువాడు ఏ మతస్థుడైనా ఆకలితో ఉంటే, ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా మనమే అన్నం పెడదాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.