అండమాను దీవులలో ఆరుబయటి విహారము – తల్లిదండ్రులకు కొన్ని మాటలు

2025 జనవరిలో మన పాఠశాల తొమ్మిదవ తరగతి పిల్లలను 22 మందిని అండమాను దీవులకు తీసికొనిపోయితిమి. ఆ యాత్రలో నీల్ దీవియందు జరిగిన సంగతి మీలో చాలమందికి తెలియును. తిరిగివచ్చిన పిదప జరిగిన సభలో కొందరు తల్లిదండ్రులు ఇకమీదట సముద్రము దాటు యాత్రలు వలదని గట్టిగా చెప్పిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఆనాటి తప్పు సముద్రముది కాదు, మాది. ఆ తప్పు ఎట్టిదో, అట్టి దీవులకు పోవువారు ఆరుబయట ఏమేమి చేయవచ్చునో, ఏమి తెలిసికొని చేయవలెనో ఇచ్చట వ్రాయుచున్నాము.

అండమాను దీవులు చెన్నపట్టణమునకు తూర్పుగా సుమారు 1,350 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతములో ఉత్తర దక్షిణములుగా బారులు తీరియున్నవి. నికోబారులతో కలిపి లెక్కించినచో దీవులు ఐదువందలకు పైగా కలవు. జనులు నివసించునవి ముప్పది పైచిలుకు మాత్రమే. మే నెల నుండి వానలు మెండు. డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు సముద్రము సాధారణముగా నెమ్మదిగా నుండును గనుక యాత్రికులు ఆ నెలలలోనే పోవుదురు. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. హావ్‌లాక్, నీల్ దీవులు 2018 నుండి స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ అని పిలువబడుచున్నవి. పడవవారి నోట మాత్రము పాత పేర్లే వినబడినవి.

అచ్చటికి పోయిన వారు మొట్టమొదట గ్రహింపవలసినది ప్రొద్దు సంగతి. మన దేశమంతటికిని ఒకే గడియారము. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి నడచును; ఆ రేఖ మన కాకినాడ దాపుననే పోవును. అండమాను దీవులు ఇంచుమించు 93వ డిగ్రీ మీద నున్నవి. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున లెక్కించినచో, అచ్చటి సూర్యుడు గడియారమునకు 40 నిమిషములకు పైగా ముందుండును. జనవరిలో సాయంకాలము 5.15 దాపున ప్రొద్దు క్రుంకును. ఉష్ణమండలములో మునిమాపు చాలసేపు నిలువదు. అరగంటలో చీకటి పడును. ఈ లెక్కను మేము తరగతిలో ఎన్నియో ఏండ్లుగా బోధించుచున్నాము. నీల్ దీవిలో మాత్రము చేతి గడియారము చూచుకొని, "ఇంకను నాలుగున్నరయే గదా" అనుకొంటిమి.

రెండవది ఆటుపోటులు. నీరు ఆరు గంటలకు పైచిలుకు కాలము ఎక్కి, మరల అంతకాలము తీయును. ప్రతిదినము ఈ వేళలు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. అమావాస్య, పౌర్ణమి దినములలో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పడుటచే పోటు మిక్కిలి ఎత్తునకు వచ్చును, ఆటు మిక్కిలి క్రిందికి పోవును. అష్టమి దాపున రెండును స్వల్పముగా నుండును. మన యిండ్లలో పంచాంగము చూచు పెద్దలకు ఈ లెక్క కష్టము కాదు. చూడవలెనను బుద్ధి పుట్టుటయే కష్టము.

నీల్ దీవిలో లక్ష్మణపురమను చోట సముద్రము తొలిచిన రాతి వంతెన యొకటి కలదు. దానిని చేరుటకు ఆటు వేళయందు బయటపడు పగడపు రాళ్లమీద నడచి పోవలెను. రాళ్ల నడుమ నిలిచిన నీటి గుంటలలో పీతలు, సముద్రపు దోసకాయలు, రంగురంగుల చిన్న చేపలు కనబడును. పిల్లలకు ఇంతకంటె మంచి జీవశాస్త్ర పాఠము ఏ తరగతి గదిలోను దొరకదు. మేము పోయినది పౌర్ణమికి ముందునాడు. ఆ దినమున నీరు మధ్యాహ్నము మూడు గంటలకు ముందే అడుగంటినది. భోజనము ఆలస్యమై, కొబ్బరి బోండాముల కడ మరికొంత ఆలస్యమై, మేము రాళ్లమీద కాలు మోపునప్పటికి నాలుగున్నర. పిల్లలు ఒక్కొక్క గుంట కడ కూర్చుండి చూచుచుండిరి. ఆ ఉత్సాహము చూచి మేమును వారించలేదు. వెలుగు తగ్గినది. వచ్చిన దారిలో కొన్ని రాళ్లు కనబడలేదు.

అప్పుడు ఒడ్డున వల బాగుచేసికొనుచున్న ఒకాయన కేకవేసెను: "మాస్టారూ, నీరు ఎక్కుతోంది, పిల్లల్ని బేగి తెచ్చేయండి! ఇంకాసేపుంటే పీకల్దాకా వచ్చేస్తాది!" ఆయన కుటుంబము శ్రీకాకుళము సీమనుండి ఎన్నడో వలస వచ్చినదట. పోర్టు బ్లెయిరులో తెలుగువారు, అందునను బెస్తవారు, తరతరములుగా ఉన్నారు. ఆ కేక విని పిల్లలు వెంటనే కదలిరి. ఆయన ముందు నడచి దారి చూపెను. మోకాలి లోతు నీటిలో, కొన్ని చోట్ల అంతకు మించిన నీటిలో, చేయి చేయి పట్టుకొని ఒడ్డు చేరితిమి. చెప్పులు జారిపోయిన ఒక బాలికకు పగడపు రాయి గీచుకొని అరికాలు తెగినది. పగడపు గాయములో సన్నని పలుకులు నిలిచిపోవును గనుక త్వరగా చీము పట్టును. మంచినీటితో బాగుగా కడిగి వైద్యునికి చూపవలెను. ఆమెకు మానుటకు మూడు వారములు పట్టినది. ఆ మూడు వారములు ఆమె తల్లిగారి ముఖము చూచుటకు మాకు ధైర్యము చాలలేదు.

పగడము రాయివలె కనబడినను అది ప్రాణులు కట్టిన యిల్లు. ఏడాదికి ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగు జాతులు కలవు. ఒక్క అడుగు వేసినచో పదేండ్ల పెరుగుదల విరిగిపోవచ్చును. సముద్రపు నీరు మితిమించి వేడెక్కినప్పుడు పగడములు తమలో నివసించు సూక్ష్మమైన నాచును కోల్పోయి తెల్లబారును. 2010లో అండమానులో ఇది విస్తారముగా జరిగినది. అందుచేత బయటపడిన ఇసుకమీద, చచ్చిన రాళ్లమీద తప్ప కాలు మోపరాదు. చచ్చిన పగడమునైనను జ్ఞాపకార్థము ఏరి తెచ్చుట వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. మన పిల్లవాడొకడు ఒక ముక్క జేబులో వేసికొనెను; జెట్టీ కడకు రాకముందే తిరిగి నీటిలో వేయించితిమి.

బ్రదికియున్న పగడములను చూడగోరువారు నీటిపై తేలుచు చూడవలెను. హావ్‌లాక్ దీవిలో ఎలిఫెంట్ బీచి ఇందుకు ప్రసిద్ధము. ముఖమునకు అద్దము, నోటికి స్నార్కెల్ గొట్టము అమర్చుకొని, రబ్బరు చక్రముపై బోర్లపడుకొన్నచో ఈత రానివారును చూడగలరు. ముందుగా నడుము లోతు నీటిలో నోటితో ఊపిరి తీయుట పది నిమిషములు అభ్యసింపవలెను. భయపడిన పిల్లవాడు చప్పున కాళ్లు దింపి పగడముపై నిలుచును. పగడమునకును కాలికిని అపాయమే. నీటిలో దిగుటకు ఇష్టము లేనివారికి అడుగున అద్దము గల పడవలు కలవు. వండూరులోని మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమునకు చెందిన జాలీ బాయ్ దీవికి ప్లాస్టిక్ సంచులు తీసికొనిపోనియ్యరు. ఈ నియమము మన ఊరి తీరమునకును ఉన్న బాగుండునని మాకు తోచినది.

హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరము తెల్లని ఇసుకతో విశాలముగా నుండును. అచ్చట స్నానము హాయి. కాని ఏ తీరమునందైనను అలలు విరుగుచుండగా నడుమ ఒక పాయ మాత్రము నెమ్మదిగా కనబడినచో అది లోపలికి లాగు ప్రవాహము కావచ్చును. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీది అలసిపోరాదు. ఒడ్డునకు సమాంతరముగా కొంతదూరము ఈది, లాగుడు తగ్గిన పిదప బయటకు రావలెను. మడ అడవుల కడ, వాగులు సముద్రములో కలియు చోట్ల ఉప్పునీటి మొసళ్లు తిరుగును. 2010లో హావ్‌లాక్ దాపున ఒక విదేశీ యాత్రికురాలు మొసలి వాతబడి మరణించెను. హెచ్చరిక పలక యున్న చోట దిగనే రాదు.

నీటికి దూరముగ నుండగోరువారికి చిడియా టాపులో పక్షులను చూచుట, 2021 నుండి మౌంట్ మణిపుర్ అని పిలువబడు హ్యారియెట్ కొండమీది అడవిలో నడక కలవు. బారాటాంగులో సున్నపురాతి గుహలును, బురద ఉబుకు చిన్న గుట్టలును ఉన్నవి. అచ్చటికి రోడ్డు మార్గము జారవా జాతివారి అడవిగుండా పోవును. మనుష్యులను బండి కిటికీలోనుండి వేడుకగా చూచు దారిలో పిల్లలను తీసికొనిపోవుట మాకు ఇష్టము లేక ఆ మార్గమున పోలేదు.

రాబోవు జనవరి యాత్రకు సమ్మతి పత్రములు ఈ సంచికతో పాటు పంపుచున్నాము. అందులో "ఈత వచ్చునా?" అను ప్రశ్నకు ఉన్నదున్నట్లు వ్రాయుడు. 2025లో వచ్చునని వ్రాసినవారు పదునొకండుగురు; నిజముగా వచ్చినవారు నలుగురు. రానివారిని విడిచి పోము, లైఫ్ జాకెట్టు తొడిగి ఉపాధ్యాయుని ప్రక్కన ఉంచెదము. రబ్బరు చెప్పులు వలదు, మడమకు పట్టియుండు గుడ్డ బూట్లు పంపుడు. ఆటుపోటుల వేళల పట్టికను పదవ తరగతి పిల్లలు తయారు చేయుచున్నారు. అది ముగిసిన పిదపనే ఏ దినమున ఏ తీరమునకు పోవుటయో నిర్ణయించెదము. కాలు తెగిన బాలిక ఆ పట్టికలో నీల్ దీవి లెక్క తానే వేసెదనని అడిగి తీసికొన్నది.