రాజ్మా: పశ్చిమ కర్నూలు పళ్లెంలోంచి ఒక ప్రశ్న

ఆదోని, ఎమ్మిగనూరు వైపు జొన్నరొట్టెకు తోడు ఉలవలో, అలసందలో, కందిపప్పో ఉంటుంది. రాజ్మా ఈ నల్లరేగడి పంట కాదు; చలి కావాలి. మన రాష్ట్రంలో దాన్ని అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి, లంబసింగి కొండల్లో గిరిజన రైతులు పండిస్తారు. శాస్త్రీయ నామం ఫేసియోలస్ వల్గారిస్, పుట్టిల్లు అమెరికా ఖండాలు.

ఉడికించిన 100 గ్రాముల గింజల్లో ప్రొటీన్ సుమారు 9 గ్రాములు, శక్తి 127 కిలో కేలరీలు. పీచు, ఫోలేట్, ఇనుము, పొటాషియం కూడా దండిగానే ఉంటాయి. పీచు వల్ల రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది.

తరచూ తికమకపెట్టేది అమైనో ఆమ్లాల సంగతి. పప్పుల్లో లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ తక్కువ. జొన్న, బియ్యంలో లైసినే కొరత. రెండూ కలిస్తే లోటు పూడుతుంది. మన అవ్వలు ఈ లెక్క చదవకుండానే రొట్టె మీద ఉలవల కూర వేశారు! ఇనుము బాగా ఒంటబట్టాలంటే నిమ్మరసం పిండుకోవాలి, అందులోని విటమిన్ సి పనిచేస్తుంది.

పచ్చి రాజ్మాలో ఫైటోహెమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. సరిగా ఉడకని గింజలు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్ల కాగనివ్వాలి. సన్నమంట చాలదు.

2,000 కిలో కేలరీల ఆహారంలో రోజుకు 85 గ్రాముల పప్పులు, గుడ్లు, మాంసాహారం ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రపంచ పప్పుధాన్యాల దినోత్సవం ఫిబ్రవరి 10. పప్పుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరం 2016. చిరుధాన్యాలది 2023, కలిపేసుకోకండి.